నలభై ఎనిమిది నిమిషాల తాళం

తాళాలాయనకి చేతులు వణుకుతున్నాయనీ, కళ్లు ఆనడం లేదనీ, నలుగురు తుపాకీవాళ్లు చుట్టూ నిలబడేసరికి పని మొత్తం మరిచిపోయి ఒక్క తాళం ముందు నలభై ఎనిమిది నిమిషాలు కూలబడ్డాడనీ ఊరంతా చెప్పుకుంటోంది. టీవీలో మా కళ్లతో మేం చూశాం కదా అంటారు. చూశారు, కాదనేదేముంది? కానీ టీవీలో కనిపించింది ఆయన వీపు. వీపు చూసి చేతుల సంగతి చెప్పడం టీవీవాళ్లకే చెల్లింది. ఇంకో రకం జనం కూడా ఉన్నారు. ఆ పారిపోయినవాడు ఈయనకి చుట్టమనీ, లోపాయికారీగా ముందే మాట్లాడుకున్నారనీ వాళ్ల కథ. చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఆ రోజుకి ముందు వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసెరగరు. ఆ రోజు కూడా నలభై ఎనిమిది నిమిషాలు చూసుకోలేదు, మధ్యలో తలుపుంది.

కేసు కొట్టేశారు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకోవడానికి ఇప్పుడు ఎవరి అడ్డూ లేదు.

నాలుగంతస్తుల మేడలో మెట్ల కింద మిగిలిన ముక్క చోటే తాళాలాయన కొట్టు. ఒళ్లు మరిచి లేచి నిలబడితే పైమెట్టు నెత్తికి తగులుతుంది. అలా తగిలీ తగిలీ నుదుటి మీద చిన్న బొడిపె కట్టింది. గోడ నిండా తాళంచెవులు, ఒక అరగదీసే యంత్రం, రెండు పీటలు. ఒకటి ఆయనకి, రెండోది మధ్యాహ్నం అన్నం పట్టుకొచ్చే ఆయన భార్యకి. పన్నెండో ఏట ఓ ముసలి మేస్త్రి దగ్గర పనిలో చేరాడు, ఇప్పుడు యాభై ఎనిమిది. ఆ రోజు వరకూ ఆయన తియ్యలేని తాళం వీధిలో ఎవరికీ గుర్తులేదు.

ఆయనకో అలవాటుంది. తాళాలతో మాట్లాడతాడు. మనుషులతో అంత మాటకారి కాదు. "ఊ", "సరే", "రేపు రండి", అంతే. తాళం చేతికందితే మాత్రం "రా తల్లీ, ఎందుకంత మొండితనం, నిన్నేమన్నాను నేను, ఇలా రా" అని గొణుగుతూ కూర్చుంటాడు.

"నాతో మాట్లాడాల్సిన మాటలన్నీ ఆ ఇనప ముక్కలకే పెడతారు," అంటుంది భార్య.

"అవి ఎదురు చెప్పవు," అంటాడాయన.

మేస్త్రి నేర్పిన పద్ధతి ఒకటి ఈనాటికీ తప్పడు. తాళం తీస్తాడు గాని తలుపు తొయ్యడు. పక్కకి జరిగి గోడవైపు తిరిగి నిలబడతాడు. తలుపు తొయ్యడం ఇంటివాళ్ల వంతు. ఎవరింట్లో ఏముందో చూడడం తాళాలవాడి పని కాదంటాడు.

మరొకటి ఎవరికీ చెప్పకుండా చేసేవాడు. తాళం లోపల అయిదు చిన్న పిన్నులుంటాయి. అయిదూ ఒకే గీతకి లేస్తే తాళం తిరుగుతుంది. ఒంటరి ఆడవాళ్లుండే ఇంటికి తాళం బిగించాల్సి వస్తే వాటిలో ఒకదాన్ని తీసి, నడుం దగ్గర సన్నగా అరగదీసి మళ్లీ వేసేవాడు. తాళంచెవికి ఆ తేడా తెలియదు. దొంగ సూది పెట్టి కెలికితే మాత్రం ఆ పిన్ను లేచినట్టే లేచి మోసం చేస్తుంది. వాడు లేచిందనుకుంటాడు, అది లేవదు. అలాంటి తాళం ఒకటి అదే మేడలో రెండో అంతస్తులో కుట్టుపని చేసుకునే ఆమెకి వేశాడు. ఆమె ఒక్కతే ఉంటుంది. రెండు తాళంచెవులిస్తే నెల తిరక్కుండా ఒకటి పారేసుకుంది. "కొత్తది చేయించుకుంటాను బాబాయ్, ఈ వారం వస్తాను" అంటూ ఆర్నెల్లు గడిపేసింది.

ఆ కుట్టుపనామె తమ్ముడే ఆ పారిపోయినవాడు.

వాడు ఓ గోదాములో కాపలా మనిషి. గోదాము కాలిపోయింది. కాపలా ఉన్నవాడే అంటించాడని పట్టుకున్నారు. విచారణకి తీసుకొచ్చిన రోజున కోర్టు వరండాలో చూసుకుంటే చేతి సంకెల సరిగ్గా పడలేదు. కాస్త లాగితే ఊడొచ్చింది. వాడు అటూ ఇటూ చూశాడు. ఎవరూ తనవైపు చూడడం లేదు. సంకెల బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, బయటికి పోయే జనంలో కలిసి, గేటు దగ్గర జవానుకి నమస్కారం కూడా పెట్టి వెళ్లిపోయాడు. జరిగింది ఇంతే.

సాయంత్రానికి టీవీలో వాడు సంకెళ్లు తెంచుకున్నాడు. మర్నాటికి మూడో అంతస్తు నుంచి దూకాడు. ఆ మర్నాటికి వాడి దగ్గర రెండు తుపాకులున్నాయి. బక్కపలచటి మనిషి, గట్టిగా తుమ్మితే తనే ఉలిక్కిపడే రకం, "కిరాతకుడు" అయిపోయాడు. ఒకే గంటలో నాలుగు ఊళ్లలో కనిపించాడు. గుబురు మీసం ఉన్న ప్రతి మగవాడూ మూడు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. అసలు వాడికి మీసమే లేదు. టీవీవాళ్లు వేసిన బొమ్మలో ఉంది.

నాలుగో రోజు తెల్లవారుతూనే వాడు అక్క గుమ్మంలో తేలాడు. ఆమె వాణ్ణి తిట్టింది, ఏడ్చింది, అన్నం పెట్టింది. "లాయరుగారిని వెంటబెట్టుకొస్తాను. ఆయన పక్కనుండగా లొంగిపోదువుగాని. లోపల తాళం వేసుకో, దేవుడొచ్చినా తియ్యకు," అని ఉన్న ఒక్క తాళంచెవీ వాడి చేతిలో పెట్టి వెళ్లింది.

వాడు కిటికీ పరదా కాస్త జరిపి వీధిలోకి చూశాడు. ఎదురు మేడ బాల్కనీలో ఓ పెద్దావిడ ఉంటుంది. వీధంతా ఆమెని ఎదురింటి వదిన అంటారు. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎప్పుడు పోతారో ఆమెకి తెలియకుండా ఉండదు. ఒంటరి ఆడమనిషి కిటికీలో మగవాడి మొహం కనిపించేసరికి వదిన ఊరుకోలేకపోయింది. ఇద్దరికి మాత్రమే చెప్పింది. ఆ ఇద్దరిలో ఒకరు కోడలు, రెండోవారు పాలావిడ. అరగంటలో వీధికి ఆ చివరా ఈ చివరా టీవీ బళ్లు నిలబడ్డాయి. ఓ టీవీ అమ్మాయి, కెమెరా అబ్బాయి గబగబా మెట్లెక్కి వదిన బాల్కనీకే వచ్చి, అక్కడైతే కుట్టుపనామె కిటికీ, మేడ మెట్లూ రెండూ కనిపిస్తాయన్నారు. వదిన వాళ్లకి టీ పెట్టిచ్చింది. కుర్చీ వేసుకుని తనూ కూర్చుంది.

ఉదయం పదకొండు గంటలకి ఇన్‌స్పెక్టరు మెట్ల కింద కొట్టులోకి తల దూర్చాడు.

"తాళాలు తీసేది నువ్వేనా?"

"ఊ."

"రెండో అంతస్తులో తలుపు తియ్యాలి. చప్పుడు కాకూడదు. తలుపు బద్దలుకొడితే ఆ చప్పుడుకే లోపలివాడు కాలుస్తాడు. నువ్వు చల్లగా తాళం తియ్యి, మావాళ్లు మెరుపులా దూకుతారు. ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు," అన్నాడు తాళాలాయన. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు. రెండో అంతస్తు ఏ తలుపో అప్పుడు తట్టింది.

మెట్ల మీద పైన ఇద్దరు, కింద ఇద్దరు, నలుగురూ తుపాకులు పట్టుకుని గోడకి అంటుకుని నిలబడ్డారు. తాళాలాయనకి లావుపాటి కోటు తొడిగారు. మోకాళ్ల దాకా వచ్చింది. ఇనప టోపీ పెట్టారు. తీసేశాడు.

"పెట్టుకోవయ్యా!" అని గుసగుసగా కసిరాడు ఇన్‌స్పెక్టరు.

"పిన్నులు వినపడవు సార్."

"తాళం తిరగ్గానే కింద పడుకుని ఎడమ చెయ్యి పైకెత్తు. లేచావో, మావాళ్ల తూటాకి అడ్డమవుతావు. తెలిసిందా?"

తాళాలాయనకి అప్పుడు తెలిసింది. తను తాళం తిప్పిన మరుక్షణం తూటాలు లోపలికి వెళతాయి. లోపల ఎవరున్నారు, ఎలా ఉన్నారు, చేతిలో ఏముంది అని ఎవరూ ఆగి చూడరు.

మోకాళ్ల మీద కూర్చుని వంచిన కడ్డీ ఎడమ చేత్తో, సూది కుడిచేత్తో తాళంలో పెట్టాడు. లోపల టీవీ గట్టిగా మోగుతోంది. ఆ మాటలు చెవిన పడ్డాయి.

"...తాళాల నిపుణుడు ఇప్పుడే మోకాళ్ల మీద కూర్చున్నాడు! చేతిలో ఏవో పరికరాలు!"

తను కూర్చున్న ఏడెనిమిది సెకన్లకి తను కూర్చున్నట్టు లోపల టీవీ చెప్పింది. చల్లగా, చప్పుడు కాకుండా అన్నాడు ఇన్‌స్పెక్టరు. లోపలివాడు సోఫాలో కూర్చుని అంతా చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరుకీ అది వినపడింది. పళ్లు కొరికి ఓ జవానుని కిందికి పంపాడు, ప్రసారం ఆపమని. రెండు నిమిషాలకి లోపలి టీవీ అంది: "ప్రసారం ఆపమని పోలీసులు కోరారు. ఎందుకు కోరారు? ఏం దాస్తున్నారు? మనతో చర్చలో ఉన్నారు..."

మొదటి పిన్ను లేచింది. రెండు. మూడు. నాలుగోది లేచింది, అయిదోదీ లేచింది. తిప్పితే తిరగలేదు. మళ్లీ మొదటికొచ్చాడు. మళ్లీ అంతే. నాలుగోసారికి చెమట కంట్లోకి దిగింది. అప్పుడు గుర్తొచ్చింది. మూడో పిన్ను. నడుం సన్నగా అరగదీసి తనే వేశాడు. ఇంత గట్టిగా ఎవడు అరగదీయమన్నాడు నన్ను అనుకున్నాడు. ఆ పిన్ను లేవడం నిజంగా లేవడం కాదని వేలికి తెలిసేసరికి పదకొండు నిమిషాలు దాటాయి.

"రెండు నిమిషాలన్నావు!" ఇన్‌స్పెక్టరు.

"గట్టి తాళం సార్."

పన్నెండో నిమిషంలో అయిదూ ఒకే గీతకి వచ్చాయి. కడ్డీ వెంట్రుకవాసి కదిలింది. ఇక గింజంత బలం చాలు, తాళం తిరుగుతుంది.

అదే క్షణంలో తలుపుకి ఉత్తరాలు వేసే సందులోంచి రెండు వేళ్లు కనిపించాయి. రేకుని పైకెత్తి పట్టుకున్నాయి.

"తియ్యకండి," అంది లోపలి గొంతు. "తీస్తే చచ్చిపోతాను."

తాళాలాయన కడ్డీ తిప్పలేదు. వదల్లేదు కూడా. వదిలితే పిన్నులన్నీ పడిపోతాయి, మళ్లీ మొదటి నుంచి రావాలి. పెదవులు తలుపుకి ఆనించి, తాళంతో మాట్లాడే గొంతుతోనే, "చేతిలో ఏముంది?" అన్నాడు.

"ఇస్త్రీ పెట్టె."

"ఎందుకురా నాయనా?"

"టీవీలో నా దగ్గర తుపాకీ ఉందంటున్నారు. లేదు కదా. ఉత్త చేతులతో ఉంటే భయమేసి..."

"వేడిగా ఉందా?"

"స్విచ్చి వేసే ఉంది."

కింది మెట్టు మీంచి ఇన్‌స్పెక్టరు మెడ సాచాడు. "ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావు?"

"తాళంతో సార్. అలవాటు."

మెట్ల పైనున్న జవాన్లలో ఒకడి ఇంటి తాళం ఈయన ఒకసారి తీశాడు. "నిజమే సార్, ఈయనంతే," అన్నాడు వాడు.

లోపల టీవీలో ఆవేశం పెరిగింది. కిటికీ పరదా సందులోంచి కెమెరాకి నల్లగా ఏదో కనిపించిందట. అది ఏ రకం ఆయుధమో తేల్చడానికి ఓ పెద్దమనిషిని పిలిచారు. ఆయన ఆ మసక బొమ్మ చూసి, ఇది విదేశీ సరుకు, పొట్టి గొట్టం, చాలా ప్రమాదం అని తేల్చేశాడు. మెట్ల మీద నలుగురూ ఆ మాట విన్నారు. తుపాకుల మీద వేళ్లు బిగుసుకోవడం తాళాలాయనకి వెనక్కి తిరక్కుండానే తెలిసింది.

"ముందా స్విచ్చి కట్టెయ్. పెట్టెని బల్ల మీద నిలబెట్టు."

"మరి నా దగ్గరేం ఉండదు కదా."

"ఏమీ లేకపోతేనే బతుకుతావు."

"నేనే తాళం తీసి చేతులెత్తుకుని బయటికొచ్చేయనా?"

"వద్దు. నువ్వు తెరిస్తే ముందు నీ చెయ్యి కనపడుతుంది. అందులో ఏముందని ఎవరూ ఆగి చూడరు. తాళం ముట్టుకోకు, బయటికి రాకు."

"మరెలా?"

ఎలాగో తాళాలాయనకీ తెలియదు. ఎడమ చూపుడువేలు మొద్దుబారుతోంది. ఇరవై రెండు నిమిషాలు. కడ్డీ ఒక్క వెంట్రుక ముందుకి జరిగినా చాలు, తాళం తిరిగి తలుపు తెరుచుకుంటుంది. తిరగనివ్వకుండా, పడనివ్వకుండా పట్టుకోవాలి. అలాంటి పని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"చూస్తున్నారు కదా, నిపుణుడు కదలడం లేదు!" లోపల టీవీ అమ్మాయి గొంతు. "ఆయన చెయ్యి వణుకుతోందా? తల తలుపుకి ఆనించాడు. ప్రార్థన చేస్తున్నాడా?"

"ప్రార్థన చేస్తున్నారా?" అన్నాడు లోపలివాడు.

"నీ బొంద. పెట్టె కింద పెట్టావా లేదా?"

"పెట్టాను."

"స్విచ్చి?"

లోపల టక్కుమంది. "కట్టాను."

ముప్పయ్యో నిమిషంలో ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. అవతల పైఅధికారి. ఈయన చెవికి దూరంగా పట్టుకున్నా ఆ అరుపులు మెట్లన్నిటికీ వినపడ్డాయి. దేశమంతా నవ్వుతోందట. ఒక్క తాళం తియ్యలేని శాఖ ఎందుకట. ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేసి తాళాలాయన చెవి దగ్గరికి వంగాడు.

"ఇంకో పావుగంట. అప్పటికి తియ్యకపోతే నిన్ను పక్కకి లాగి తలుపు పేల్చేస్తాం. ఇక లోపలివాడి రాత."

పేలుడు మందు పెట్టి పేలిస్తే తలుపు వెనకున్నవాడు తలుపుతో పాటే పోతాడు.

అప్పుడే లోపల టీవీలో కొత్త గొంతు వినిపించింది. రొప్పుతూ, ఏడుస్తూ ఉన్న ఆడగొంతు.

"మీ తమ్ముడు ఎన్ని తుపాకులు తెచ్చాడమ్మా?"

"తుపాకీ లేదు, తోటకూర కట్టా లేదు! జరగండి! వాడికి ఇస్త్రీ చెయ్యడం కూడా రాదు, వాడు తుపాకీ పేలుస్తాడా? లాయరుగారూ, మీరు చెప్పండి... నన్ను పోనివ్వండి!"

సందులో వేళ్లు బిగుసుకున్నాయి. "అక్క," అన్నాడు వాడు. "అక్క వచ్చింది."

తాళాలాయన బుర్రలో అప్పుడు వెలిగింది.

"మీ అక్కని చూస్తావా?"

"ఎక్కడుంది?"

"వీధిలో, నీ కిటికీ కిందే. పరదా మొత్తం లాగెయ్. రెండు చేతులూ అద్దానికి ఆనించి నిలబడు. వేళ్లు విడిగా చాపు. ఆమె నిన్ను చూస్తుంది. ఎదురు బాల్కనీలో కెమెరా కూడా చూస్తుంది. అది చూస్తే దేశమంతా చూసినట్టే. నీ చేతుల్లో ఏమీ లేదని అందరికీ ఒకేసారి తెలుస్తుంది."

"ఎదురు మేడ పైన తుపాకీవాళ్లున్నారని టీవీలో చూపించారు. కాలుస్తారా?"

అబద్ధం చెప్తే తేలికే. తాళాలతో ఆయన చాలా అబద్ధాలు చెప్పేవాడు, నిన్నేమీ చెయ్యను తల్లీ అని. వీడు తాళం కాదు.

"నాకు తెలియదు," అన్నాడు. "ఇక్కడైతే కాలుస్తారు. అది తెలుసు. అక్కడ తెలియదు."

వేళ్లు వెనక్కి పోయాయి. రేకు టప్పున పడింది. అడుగుల చప్పుడు వినిపించలేదు. నలభై రెండు, నలభై మూడు. వాడు అక్కడే నిలబడ్డాడో, మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకున్నాడో తెలిసే దారి లేదు. మందుపొట్లం పట్టుకుని ఓ జవాను మెట్లెక్కి వస్తున్నాడు. నలభై అయిదు. తాళాలాయన వేలు ఇక తనది కానట్టుంది.

"లేవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒక్క నిమిషం సార్. వచ్చేసింది."

"అరగంట నుంచీ వస్తూనే ఉంది నీకు!"

లోపల పరదా రింగులు కడ్డీ మీద గలగలా జారిన చప్పుడయింది. తర్వాత ఏడెనిమిది సెకన్లు. అంత పొడుగు సెకన్లు తాళాలాయన జన్మలో చూడలేదు. తూటా పేలితే టీవీ కంటే ముందు చెవికే తెలుస్తుంది కాబట్టి ఊపిరి బిగబట్టి విన్నాడు. పేలలేదు.

"కిటికీలో! కిటికీలో కిరాతకుడు!" టీవీ అమ్మాయి గొంతు చీలిపోయింది. "చేతులు... చేతులు అద్దానికి... ఏమీ లేదు! చేతుల్లో ఏమీ లేదు! ఏడుస్తున్నాడు! కింద ఆమె... చెయ్యి ఊపుతోంది!"

ఇన్‌స్పెక్టరు నడుముకున్న వైర్‌లెస్ గరగరలాడింది. ఎవరూ కాల్చొద్దు, మళ్లీ చెబుతున్నాను, ఎవరూ కాల్చొద్దు. ఇన్‌స్పెక్టరు తుపాకులు దించమని సైగ చేసి, తాళాలాయన వైపు తిరిగి నోరు తెరిచేలోపే క్లిక్కుమంది.

పడుకోమన్నారు గాని ఆయన పడుకోలేదు. పక్కకి జరిగి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తలుపు తొయ్యడం వాళ్ల వంతు. నలుగురూ లోపలికి వెళ్లారు. ఒక్క తూటా పేలలేదు. ఇస్త్రీ పెట్టె బల్ల మీద బుద్ధిగా నిలబడి ఉంది.

ఆ సాయంత్రం స్టేషన్లో కాగితం మీద రాసుకుంటూ, "నలభై ఎనిమిది నిమిషాలెందుకు పట్టింది?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"గట్టి తాళం సార్."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత తల వంచుకుని "గట్టి తాళం" అని రాసుకున్నాడు.

నిజం చెప్తే పోలీసుల పనికి అడ్డం పడ్డాడని కేసు. వాడి అక్కని కూడా అందులోకి లాగుతారు. చెప్పకపోతే పోయేది పేరొక్కటే. తాళాలాయన పేరునే పోనిచ్చాడు.

అది నిజంగానే పోయింది. టీవీలో వారంపాటు ఆయన వీపే. కింద గడియారం తిరుగుతూ ఉంటుంది, వెనక నవ్వుల సంగీతం. పక్క వీధిలో తాళంచెవులు చేసేవాడు "ఇక్కడ తాళాలు అయిదు నిమిషాల్లో తియ్యబడును" అని బోర్డు పెట్టించాడు. రొట్టెల కొట్టతను ఆయన్ని దారిలో ఆపి, "మా బీరువా తాళం రావడం లేదోయ్, రెండు రోజులు సెలవు పెట్టుకుని రాగలవా?" అన్నాడు. తాళాలాయన "రేపు రండి" అని వెళ్లిపోయాడు. రేపు ఎవరూ రాలేదు. ఆయన భార్య మాత్రం ఎవరేమన్నా "ఆ రోజు ఆయనకి జ్వరం" అని అబద్ధమాడేది. ఇంటికొచ్చాక రెండో పీట మీద కూర్చుని ఏడ్చేది. ఆయన అరగదీసే యంత్రం తిప్పుతూ ఉండేవాడు. తిప్పడానికి పనేమీ లేకపోయినా.

పదకొండు నెలలకి కోర్టు తేల్చింది. గోదాములో వైర్లు రాజుకుని నిప్పంటుకుందట. వాణ్ణి వదిలేశారు. ఆ వార్త టీవీలో వచ్చిందని చెబుతారు, చూసినవాళ్లు మాత్రం దొరకలేదు. వాడు ఓ రోజు అక్కతో కలిసి మెట్ల కింద కొట్టుకి వచ్చాడు. "తాళంచెవి ఇంకోటి చేయించుకుంటాం," అన్నాడు.

వాళ్లు వెళ్లగానే ఎదురింటి వదిన వీధి దాటి వచ్చింది. పదకొండు నెలలుగా ఆమె నాలుక కొసన ఆ ప్రశ్న ఆడుతూనే ఉంది. ఇక ఆగలేకపోయింది. ఖాళీ పీట లాక్కుని కూర్చుంది.

"ఇదిగో, నేనెవరికీ చెప్పను. ఆ తాళం నీకు రాలేదా, నువ్వు తియ్యలేదా? ఒక్క మాట చెప్పు."

తాళాలాయన సూది తుడిచి గుడ్డలో చుట్టాడు.

"మొదటి పదకొండు నిమిషాలూ నిజంగానే రాలేదు వదినా. నేను బిగించిన తాళం అది, ఇట్టే వచ్చేస్తే నేనే సిగ్గుపడాలి. తర్వాత అంటారా, అప్పుడు తీసుంటే ఏం జరిగేదో చూద్దామనే కదా మీరంతా బాల్కనీలో కుర్చీలు వేసుకున్నారు?"